మారు తాళంచెవి

తాళాల కొట్టు నుంచి,
వానలు మొదలైన వారం

చెల్లీ,

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావని రాస్తే నమ్ముదామని రెండు నెలలుగా కూర్చున్నాను. నిన్న వచ్చింది నీ ఉత్తరం. అరపేజీ. అదీ కోడి గీకినట్టుంది. నాటకశాలలో రాజులకీ రాణులకీ బట్టలు కత్తిరించే చెయ్యేనా అది? నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి, నా రాతే నీ రాతకన్నా గుండ్రంగా ఉంది. మీ వదినకి చూపించాను. "తొందరలో రాసుంటుంది లెండి" అంది. మీ వదిన ఎప్పుడూ నీ పక్షమే.

సరే, పని సంగతి. మీ ఎదురింటావిడకి వేళ్లు వాచి తాళంచెవి తిప్పలేకపోతోంది, చెవికి తొడిగే పెద్ద పిడి ఏదైనా చేసిపెట్టమన్నావు. చేస్తాను. చెక్కతో చేసి, మధ్యలో చీలిక పెట్టి, ఇత్తడి పట్టీ బిగిస్తే ఏ చెవి అయినా అందులో కదలకుండా కూర్చుంటుంది. కానీ గాల్లో కొలత తీసి చెయ్యడం నాకు చేతకాదు. ఆవిడ కుడిచేతిని కాగితం మీద ఆనించమని, వేళ్ల చుట్టూ పెన్సిల్ తిప్పి, ఆ కాగితం పంపు. కాలు చూడకుండా చెప్పులు కుట్టేవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు.

రెండోది. ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉపన్యాసానికి వెళ్లానని రాశావు. ఆడవాళ్లకి ఎక్స్ క్రోమోజోములు రెండు, మగవాళ్లకి ఒకటే అని రాసి దాని కింద గీత కూడా గీశావు. ఎందుకమ్మా ఆ గీత? మనిద్దరం ఒకే కడుపులో పక్కపక్కన పడుకున్నవాళ్లం. నేను ముందు బయటికొచ్చాను. నేనిలా రాగానే వెనక మిగిలినదంతా నువ్వు లాక్కుని ఉంటావు. కంచం దగ్గర కూడా అంతే చేసేదానివి.

నాకున్న ఆ ఒక్కటీ అమ్మ ఇచ్చిందేనని రాశావు కాబట్టి ఊరుకుంటున్నా. నాకు తెలిసి అమ్మ మనిద్దరికీ సమానంగా ఇచ్చింది ఒకటే ఉంది, లోపలికి వంకర తిరిగిన చిటికెన వేలు. మిగతావన్నీ నీకే ఎక్కువ పెట్టింది.

కాగితం పంపు. ఈసారి పేజీ నిండా రాయి.

నీకన్నా ముందు పుట్టిన
అన్నయ్య


నాటకశాల, కుట్టుగది నుంచి

కాస్తంత ముందు పుట్టిన అన్నయ్యా,

ఆ కాస్తంతకే ఇన్నేళ్లు పెత్తనం చేశావు. నిజంగా రెండేళ్లు పెద్దవాడివైతే నా గతి ఏమయ్యేదో.

నా రాత సంగతి వదిలెయ్. కొత్త నాటకం వస్తోంది. ముప్పై నల్ల మఖమలు అంగీలు, ప్రతిదానికీ ఎత్తు కాలరు. బల్ల మీద గుడ్డ పరిస్తే ఉత్తరానికి చోటేది? అంగీల మధ్య మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను.

ఎక్సుల సంగతి సరిగ్గా విను, మళ్లీ మీ కొట్టుకొచ్చేవాళ్లకి తప్పు చెప్పి పరువు తీస్తావు. ఆడపిల్లకి ఒకటి అమ్మనుంచి, ఒకటి నాన్ననుంచి వస్తుంది. రెండూ ఒకేసారి పనిచేస్తే పని ఎక్కువైపోతుందని, బిడ్డ కడుపులో చిన్న నలుసుగా ఉన్నప్పుడే ఒక్కో కణంలో ఒక ఎక్సు నిద్రపోతుందట. ఒక కణంలో అమ్మది పడుకుంటే పక్క కణంలో నాన్నది పడుకుంటుంది. అంటే నా ఒళ్లంతా అమ్మ ముక్కలూ నాన్న ముక్కలూ కలిపి కుట్టిన దుప్పటన్నమాట. నీకా వెసులుబాటు లేదు. నీకున్నది ఒక్క అమ్మ ఎక్సే, పడుకునే హక్కు కూడా లేని ఒంటరి ఎక్సు.

ఇది కంటితో చూడాలంటే మూడు రంగుల పిల్లిని చూడమంది డాక్టరమ్మ. పిల్లుల్లో నారింజ రంగు రాత, అదే జన్యువు, ఎక్సు మీదే ఉంటుందట. ఒక ఎక్సు మెలకువగా ఉన్నచోట నారింజ మచ్చ, రెండోది మెలకువగా ఉన్నచోట నల్ల మచ్చ. తెలుపుది వేరే లెక్క. కాబట్టి నారింజా నలుపూ రెండూ ఉంటే ఆ పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. ఇది వినగానే నాకు మీ కొట్టులో గల్లాపెట్టె మీద పడుకునే దొరగారు గుర్తొచ్చారు. దొరగారికి మూడు రంగులు కదూ? అందరికీ మీసం తిప్పి "మా దొర" అని చూపిస్తావు కదూ? ఒకసారి తోకెత్తి చూడు.

వయసు మళ్లాక ఈ ఎక్సులేమవుతాయో చూడ్డానికి డెబ్బై దాటిన ఆడవాళ్ల రక్తం తీసుకుంటున్నారు. నేనూ ఇచ్చాను. ఊరికే. దారిలోనే కదా అని.

ఎదురింటావిడ చెయ్యి గీసిన కాగితం ఇందులో పెట్టాను. పాపం, వద్దు వద్దు అంటూనే చెయ్యి పెట్టింది.

సిగరెట్లు తగ్గించు. నీ ఉత్తరం విప్పితే కాగితమే దగ్గుతోంది.

చెల్లెలు


తాళాల కొట్టు నుంచి

చెల్లీ,

దొరగారి మీద నువ్వేసిన నింద చదివి నాకు ఒళ్లు మండింది. నా కొట్టులో ఉన్నది మగపిల్లి. నడక చూస్తే తెలుస్తుంది. పక్క వీధి కుక్క దాన్ని చూసి దారి మార్చుకుంటుంది. ఇదంతా రాసి నీ నోరు మూయిద్దామని కలం తీశాను. అప్పుడు మీ వదిన వెనక గదిలోంచి పిలిచింది. పాత తాళాల గంపలో దొరగారు నాలుగు పిల్లల్ని పెట్టారు.

నవ్వింది చాలు. మీ వదిన నాకన్నా ముందే మొదలుపెట్టి ఇంకా ఆపలేదు. పేరు మాత్రం మార్చను. దొర దొరే.

నువ్వు రాసిందంతా నాకు అర్థమైంది. అర్థం కానిదేముంది? తాళానికి రెండు చెవులు ఇస్తాం. ఒకటి చేతిలో తిరుగుతుంది, ఒకటి సొరుగులో పడుకుంటుంది. రెండూ మంచివే. మగవాడికి ఒకే చెవి ఇచ్చి పంపారు, అంటే జాగ్రత్తగా చూసుకునేవాడని నమ్మకం ఉండే ఇచ్చారు. నువ్వు పారేసుకుంటావని తెలుసు కాబట్టి నీకు మారుది కూడా ఇచ్చారు.

పిడి ఈ పార్శిల్లో ఉంది. గట్టి చెక్క. అంచులు ఆకురాయితో రుద్ది, ఆపైన గరుకు కాగితంతో నునుపు చేశాను. మీ ఎదురింటావిడ చేతి బొమ్మ బల్ల మీద పెట్టుకుని చేశాను. మంచి చెయ్యి. పని చేసిన చెయ్యి. కణుపులు ఉబ్బాయి పాపం. చిటికెన వేలు లోపలికి వంగి ఉంది కాబట్టి అది ఆనుకునే చోట చిన్న గాడి తీశాను. ఇంకెవరికీ ఆ గాడి అవసరం ఉండదు.

ఆవిడకి పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయా? ఎంతసేపటికి వదులుతాయి? డాక్టరుకి చూపించుకుందా? ఆవిణ్ణి అడిగి రాయి. మన మనుషులు కాకపోయినా నాకెందుకో ఆవిడ మీద జాలేస్తోంది.

అన్నయ్య


ఇంటి నుంచి, వంటింటి బల్ల దగ్గర

అన్నయ్యా,

దొరగారికి నా అభినందనలు చెప్పు. పురిటిలో నువ్వు దగ్గరుండి చూసుకున్నావా? పిల్లల్లో మూడు రంగులవి ఉంటే వాటికి సేనాపతి, మంత్రి అని పేర్లు పెట్టు, నీ పౌరుషం నిలబడుతుంది.

పిడి అద్భుతంగా ఉంది. అది తొడిగాక చెవి ఇట్టే తిరిగింది. ఇన్నాళ్లూ రెండు చేతులతో పట్టుకుని భుజంతో తలుపు తోస్తూ తిప్పుకునేది, ఇప్పుడు అరచెయ్యి ఆనిస్తే చాలు. ఆ గాడిలో చిటికెన వేలు దిండు మీద తల పెట్టినట్టు కూర్చుంటుంది. అని ఆవిడ అంది. ఆవిడకి పొద్దున పూట బిగుసుకుంటాయట, గంట దాకా వదలవట. డాక్టరు దగ్గరికి వెళ్లిందో లేదో నేను అడగలేదు. ఒకరి విషయాలు మనకెందుకు?

నా రక్తం సంగతి చెబుతాను, వదినకి చెప్పకు, కంగారు పడుతుంది. డాక్టరమ్మ పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. నా రక్తంలో కొన్ని కణాల్లో రెండు ఎక్సులు లేవట. ఒకటే ఉందట. రెండోది జారిపోయింది. వయసు పెరిగేకొద్దీ చాలామంది ఆడవాళ్లకి ఇలా జరుగుతుందనీ, జారిపోయేది ఎక్కువగా ఆ నిద్రపోయేదేననీ, భయపడాల్సింది కాదనీ, కాకపోతే రక్తం మీద ఓ కన్నేసి ఉంచుతామనీ చెప్పింది. నేను నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఈ వయసులో పళ్లు రాలతాయి, జుట్టు రాలుతుంది, తెలుసు. పుట్టకముందు నుంచీ నాతో ఉన్నది, నాకు చెప్పకుండా వెళ్లిపోయింది. అది నాన్నదో అమ్మదో కూడా తెలియదు.

నువ్వు మీసం తిప్పకు. మగవాళ్లు అంతకన్నా ఘనులట. మీకు ఎక్సుతో పాటు ఇచ్చిన ఆ పొట్టి వై ఉంది చూడు, వయసు మీదపడితే దాన్ని రక్తంలో కణం తర్వాత కణం వదిలేస్తారట. పొగతాగేవాళ్లు మరీనట. జాగ్రత్తగా చూసుకునేవాడని నమ్మి ఇచ్చారన్నావు. ఎవరో పొరబడ్డారు.

చెల్లెలు


తాళాల కొట్టు నుంచి

చెల్లీ,

ఇక ఎదురింటావిడ నాటకం కట్టిపెట్టు.

కాగితం విప్పిన రోజే తెలిసింది నాకు. పెన్సిల్ గీత మీద నా చెయ్యి పెట్టి చూసుకున్నాను. బొటనవేలు నాది పెద్దది, అంతే. చిటికెన వేలు గీత మీద గీత పడింది. మన అమ్మ వేలు మీ ఎదురింటావిడకి ఎలా వచ్చింది? ఎవరి చెయ్యైనా గీసి పంపాల్సింది కదే మొద్దూ! మీ నాటకశాల ఇస్త్రీ ఆవిడ చెయ్యి పంపినా నమ్మేవాణ్ణి. కవలకే తన చెయ్యి గీసి పంపి, నాది కాదు అని రాస్తావా? డెబ్బై ఏళ్ల పైబడి నా చెవిలో పువ్వులు పెట్టడం నేర్చుకోలేకపోయావు.

నీ అంతట నువ్వే చెబుతావని రెండు ఉత్తరాలు ఆగాను. ఆ ఆగడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. చెప్పలేదు. పైగా "ఆవిడ అంది" అని రాశావు.

నా కొట్టుకి రోజూ చెవి పోగొట్టుకున్నవాళ్లు వస్తారు. నేను వాళ్లని తిట్టను. మనిషన్నాక పోగొట్టుకుంటాడు. ఒక రకం మనుషులు ఉంటారు, చెవి పోయిందని ఒప్పుకోరు, తాళమే చెడిపోయిందని గంటసేపు వాదిస్తారు, వర్షంలో తడుస్తూ తలుపు ముందు నిలబడి. వాళ్లని తిడతాను. నువ్వు ఆ రకం.

ఎక్సు జారిపోయిందంటే పోనీ. దాని గురించి ఆ డాక్టరమ్మ నీకు భయం లేదంది. మరి వేళ్ల గురించి ఏమంది? ఊరికే రక్తం ఇవ్వడానికి వెళ్లలేదు నువ్వు. వేళ్లు చూపించుకోవడానికే వెళ్లావు. అక్కడ ఉపన్యాసం ఉంటే విన్నావు. అవునా కాదా? నీళ్లు నమలకుండా రాయి.

అన్నయ్య


నాటకశాల, కుట్టుగది నుంచి

అన్నయ్యా,

అవును.

చాలా? సరే, అంతా రాస్తాను. ఇంత లావు పెన్సిలుతో రాస్తున్నానని నవ్వకు, సన్నది పట్టుకోలేను.

శీతాకాలంలో మొదలైంది. ముందు చూపుడు వేళ్ల కణుపులు, తర్వాత మణికట్లు, రెండు చేతులకీ ఒకేలా. అలసటనుకున్నాను. డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది, ఒంటిని కాపలా కాయాల్సిన కణాలే దారితప్పి కీళ్లని శత్రువులనుకుని కొడుతున్నాయట. ఇది మగవాళ్లకన్నా ఆడవాళ్లకి రెండుమూడింతలు ఎక్కువట. కాపలా పనికి సంబంధించిన రాతలు చాలా ఎక్సు మీదే ఉంటాయి, నిద్రపోవాల్సిన ఎక్సు కొన్నిచోట్ల సరిగ్గా నిద్రపోకపోవడం ఒక కారణం కావచ్చని అనుకుంటున్నారట. చూశావా, రెండున్నాయని గీత గీసి మరీ రాశాను నీకు.

మందు వెంటనే మొదలుపెట్టమంది. ఆలస్యమైతే కీళ్లు అరిగి వేళ్లు పక్కకి తిరిగిపోతాయి, తర్వాత ఏ మందూ వాటిని వెనక్కి తేలేదంది. కొన్ని వారాలు కత్తెర పట్టొద్దంది. మందుచీటీ తెచ్చుకుని సొరుగులో పెట్టాను.

ఎందుకో నీకు చెబితే కోప్పడతావు. అయినా చెబుతాను. ఈ గదిలో నా పెద్ద కత్తెర ఇన్నేళ్లలో ఇంకొకరు ముట్టుకోలేదు. ఇప్పుడు సుద్దతో గీతలు గీసి, "నువ్వు నేర్చుకోవాలమ్మా" అని పెద్దరికం నటిస్తూ ఇస్త్రీ ఆవిడ చేత కత్తిరిస్తున్నాను. పోయిన వారం ఎవరూ లేనప్పుడు నేనే ఒక కాలరు మొదలుపెట్టాను. మధ్యలో చెయ్యి వదిలేసింది. మఖమలు మీద కత్తెర ఇంత లోపలికి దిగింది. పైన లేసు కుట్టి కప్పేశాను. మేనేజరు అది చూసి ఎంత బాగుందోనన్నాడు, అన్నింటికీ పెట్టమన్నాడు.

వారాల పాటు కత్తెర పట్టకపోతే వాళ్లు ఇంకొకర్ని పెట్టుకుంటారు. ఆ ఇంకొకరు బాగా చేస్తారు. అదీ నా భయం. మీ బావ పోయాక ఈ బల్లే నన్ను నిలబెట్టింది. నాటకం ఒక్కటీ మొదలుకానీ, అప్పుడు మందు వేసుకుంటాను.

నువ్వు రావద్దు. ప్రతిదానికీ బయల్దేరతావు నువ్వు. వచ్చినా తలుపు తియ్యను.

చెల్లెలు


తాళాల కొట్టు నుంచి

చెల్లీ,

తియ్యకు.

అన్నయ్య


ఇంటి నుంచి, నువ్వు వెళ్లిన మర్నాడు

దొంగ అన్నయ్యా,

నువ్వు బస్సెక్కాక కోపం రావడం మొదలైంది. ఉన్నన్ని రోజులూ నీ గోలలో కోపానికి తీరికే దొరకలేదు. ఇప్పుడు వరసగా తిడతాను, కూర్చుని చదువు.

ఒకటి. పొద్దున్నే మా మెట్లెక్కి, ముందు ఎదురింటి తలుపు తట్టావు. ఎవరూ పలక్కపోతే గట్టిగా తట్టావు. "ఏమండీ, పిడి ఎలా ఉంది?" అని అరిచావు. అది నీళ్ల పంపు గది. ఎప్పుడో వచ్చినప్పుడు చూసింది మర్చిపోయినా, అక్కడ ఎదురిల్లే లేదని నీకు తలుపు చూడగానే తెలిసుంటుంది. ఊరికే నన్ను ఏడిపించడానికే అరిచావు. లోపల వంటింట్లో కూర్చుని నేను నవ్వాపుకోలేక చచ్చాను.

నవ్వినా తలుపు తియ్యలేదు. పంతంతో కాదు. ఆ పొద్దున వేళ్లు అసలు ముడుచుకోవడం లేదు. తాళానికి లోపలివైపున్న బుడిపె తిప్పలేకపోయాను. నీ పిడి చెవికి పనికొస్తుంది కానీ ఆ బుడిపెకి పనికిరాదు. తియ్యలేననడం కన్నా తియ్యననడం మేలనిపించి ఊరుకున్నాను.

అప్పుడు తాళంలో చెవి తిరిగిన చప్పుడైంది. ప్రాణం పోయిందనుకో. తలుపు తెరిస్తే గొడుగు పట్టుకుని నువ్వు. ఆ తాళం నువ్వు బిగించినప్పుడు నాకు రెండు చెవులిచ్చావు. మూడోది చేసి నీ దగ్గర ఉంచుకున్నావని ఇన్నేళ్లూ చెప్పలేదు. అమ్మ దొంగా! పరాయి ఇంటి మారుచెవి దాచుకున్నవాణ్ణి ఏమంటారో తాళాలవాడివి, నీకే తెలియాలి. ఆ చెవి వెంటనే తిరిగి పంపు.

రెండు. నువ్వు అరవలేదు. అరుస్తావని సిద్ధంగా ఉన్నాను. టీ పొడి డబ్బా మూత నా చేతిలోంచి తీసుకుని తిప్పి, టీ పెట్టి ఇచ్చావు. చక్కెర ఎక్కువేశావు. సొరుగు తెరిచి మందుచీటీ తీసి జేబులో పెట్టుకున్నావు. "పద" అన్నావు. నువ్వు అరిచుంటే నేనూ అరిచి గెలిచేదాన్ని.

మూడు. ఆసుపత్రిలో నా పరువు తీశావు. డాక్టరమ్మని చూడగానే, "మా చెల్లి ఎక్సు ఎక్కడ పడిపోయిందమ్మా, వెతికితే దొరుకుతుందా?" అనడిగావు. ఆవిడ మంచిది కాబట్టి నవ్వకుండా చెప్పింది.

"దొరకదండీ. కణం రెండుగా విడిపోయేటప్పుడు జారిపోతుంది. మీ వయసులో మగవాళ్లకి వై కూడా అలాగే పోతుంది."

"నాది నా దగ్గరే ఉంది."

"చూద్దామా? కొంచెం రక్తమిస్తే చాలు."

"ముందు ఆవిడ సంగతి చూడండి" అన్నావు, చేతులు జేబుల్లోకి తోసుకుంటూ. సూదంటే నీకింకా భయమేనా?

ఆవిడ చెప్పిందాన్ని మాత్రం మర్చిపోకు, నీ కొట్టులో మార్చి చెప్పకు. ఎక్సు జారిపోవడం వల్లే వేళ్లు వాచాయని చెప్పలేనంది. అది ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదంది. తెలియంది తెలియదని చెప్పినందుకే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది. మందు ఇప్పుడు మొదలుపెడితే వేళ్లు నిలబడతాయన్నది మాత్రం గట్టిగా చెప్పింది. "లేకపోతే వంకరపోతాయి" అంటే, "మాకు పుట్టుకతోనే ఒకటి వంకర, మీరు మిగతావి చూసుకోండి" అన్నావు. అప్పుడు నవ్వింది.

ముసలి ఆడ ఎలుకల సంగతి కూడా నీకు వినిపించే ఉంటుంది. జ్ఞాపకాలు ఉండేచోట మెదడులో ఆ నిద్రపోయే ఎక్సు వయసు మళ్లాక కొంచెం మేలుకుంటుందట. అది జ్ఞాపకశక్తికి మంచే చేస్తోందని ఎలుకల్లో చూశారట. మనుషుల్లో ఇంకా చూడాలట. నాలో చూడక్కర్లేదు. నువ్వు చిన్నప్పుడు చేసినవన్నీ నాకు గుర్తున్నాయి, నీకొక్కటీ గుర్తులేదు.

నాలుగు. నువ్వు నన్ను అడక్కుండా నాటకశాలకి వెళ్లి మేనేజరుతో మాట్లాడావు. "మా చెల్లి కొన్ని వారాలు కత్తెర పట్టదు. గీతలు ఆవిడే గీస్తుంది. ఆ గీతలు లేకపోతే మీ రాజులు గోనెసంచుల్లో తిరుగుతారు" అన్నావట. ఇస్త్రీ ఆవిడ చెప్పింది. నేను సిగ్గుతో చచ్చాను. మేనేజరు ఏమన్నాడో తెలుసా? తనకి ఎప్పుడో తెలుసట. ఆ లేసు కాలరు చూసిన రోజే. అందుకే బాగుందన్నాడట. అందరికీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే దాచుకుంటూ కూర్చున్నాను.

మాత్ర నిన్న మొదటిసారి వేసుకున్నాను. నీ వంతు గుర్తుందా? ఆసుపత్రి మెట్ల మీద ఒట్టేశావు, నేను మాత్ర వేసుకున్నన్నాళ్లూ నువ్వు సిగరెట్ ముట్టవు.

చెవి పంపు.

చెల్లెలు


తాళాల కొట్టు నుంచి

చెల్లీ,

మాత్ర వేసుకున్నావా? రోజూ వేసుకున్నావా? వెంటనే రాయి.

సిగరెట్ లేదు. నోట్లో అగ్గిపుల్ల పెట్టుకుని తిరుగుతున్నాను. మీ వదిన నా చొక్కా జేబులు దులుపుతోంది, పోలీసులా. కొట్టుకొచ్చేవాళ్ల మీద చిరాకు పడుతున్నానట. ఎప్పుడు పడలేదు? కొత్తగా పడుతున్నట్టు చెబుతారు. దొరగారు కూడా నా ఒడిలో కూర్చోవడం మానేసింది. చూడు, నీ వల్ల "మానేసింది" అని రాయాల్సి వచ్చింది.

నా వై సంగతి రాత్రిళ్లు గుర్తొస్తోంది. పోయి ఉంటుందంటావా? అడగడం కాదు, ఊరికే.

చెవి గురించి రాశావు. ఆ ముక్క రాసిన కాగితం ఎక్కడో పోయింది, కనపడలేదు.

అన్నయ్య


ఇంటి నుంచి

అన్నయ్యా,

రోజూ కాదు మహానుభావా! వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర అది. రోజూ వేసుకుంటే నన్ను నువ్వే పైకి పంపినట్టు. ఆసుపత్రిలో రెండుసార్లు చెప్పారు, నువ్వు గోడమీది బొమ్మలు చూస్తున్నావు.

ఇంకా తేడా లేదు. వారాలు పడుతుందన్నారు. కడుపులో తిప్పుతుంది, మర్నాడు నీరసం. కొన్ని పొద్దుటిపూటలు ఇదంతా ఎందుకనిపిస్తుంది. అప్పుడు నీ నోట్లో అగ్గిపుల్ల గుర్తొస్తుంది. నువ్వు పడుతున్నప్పుడు నేను పడకపోతే ఎలా అని వేసుకుంటాను. నీ మీద ప్రేమతో అనుకోకు. పోటీతో.

నీ వై ఎక్కడికీ పోయుండదు, అంత మొండిది. పోయినా వదిన గమనించదు. దగ్గు తగ్గిందా?

చెవి అడిగాను. అడుగుతూనే ఉంటాను.

చెల్లెలు


నాటకశాల, కుట్టుగది నుంచి,
చలికాలం

అన్నయ్యా,

ఈ ఉత్తరం సన్నపెన్సిలుతో రాస్తున్నాను. చూశావా?

పూర్తిగా పాతచెయ్యి కాదు. అది రాదని ఒప్పుకున్నాను. చూపుడు వేలు కొంచెం పక్కకి ఒరిగింది, అలాగే ఉంటుందట. కానీ పొద్దున టీ చల్లారేలోపు వేళ్లు విచ్చుకుంటున్నాయి. మూతలు నేనే తిప్పుకుంటున్నాను. డాక్టరమ్మ రక్తం మళ్లీ చూసింది, అంతా అదుపులోనే ఉందంది. పోయిన ఎక్సులు పోయినట్టే, మిగిలినవి సర్దుకుపోతున్నాయి.

కొత్త నాటకం ఆడి అయిపోయింది. ముప్పై అంగీలకీ లేసు కాలర్లే. ఇస్త్రీ ఆవిడ కత్తిరించింది, బాగా కత్తిరించింది. చెప్పాను కూడా ఆవిడతో. నోట్లోంచి మాట రావడానికి రెండు రోజులు పట్టింది.

ఇవాళ పెద్ద కత్తెర పట్టాను. గదిలో అందరూ చూడనట్టు చూస్తున్నారు. మొదటి గుడ్డ నాటకానికి కాదు. నీకు చేతితొడుగులు. చలిలో ఇనుము ముట్టుకుంటే వేళ్లు కొంకర్లుపోతాయని ప్రతి ఏడూ ఏడుస్తావు కదా. కొలత కోసం నీ చేతి బొమ్మ అడగలేదు. నా చెయ్యే కాగితం మీద గీసి, బొటనవేలు పెద్దది చేశాను. చిటికెన వేలు వంకరగానే కత్తిరించాను. కుడిచేతివి రెండు కుట్టాను, ఒకటి నువ్వు ఎలాగూ పారేసుకుంటావు. గీత కాస్త తప్పిందనిపిస్తే నోరు మూసుకుని తొడుక్కో.

ఇప్పుడైనా నా చెవి పంపు.

చెల్లెలు


తాళాల కొట్టు నుంచి

చెల్లీ,

తొడుగులు అందాయి. ఎడమది సరిపోయింది. కుడిది సరిపోయింది. గీత ఎక్కడా తప్పలేదు, తప్పుంటే రాసేవాణ్ణే. మీ వదిన పట్టుకుని చూసి కళ్లొత్తుకుంది. నేను ఒత్తుకోలేదు. చలికి నీళ్లు కారాయి.

దగ్గు తగ్గింది. అగ్గిపుల్లలు ఖర్చవుతున్నాయి.

ఒక పిల్లికూన నీకోసం ఉంచాను. మూడు రంగులది. బస్సులో తెస్తాను. పేరు నువ్వే పెట్టు, నేను పెట్టడం మానేశాను.

మిగిలిన కుడితొడుగులో నీ తలుపు చెవి వేసి, కొట్టులో నా తలకి తగిలే ఎత్తులో మేకుకి తగిలించాను. వచ్చేవాళ్లు అదేంటని అడుగుతున్నారు. అమ్మకానికి కాదని చెబుతున్నాను.

ఇక అడగకు. ఇవ్వను.

ముందు పుట్టినవాడు